ఐదు చక్రాల ఇంజను

పెళ్ళిచూపులకు బయల్దేరిన ఆదివారం పొద్దున, రైలు టెంబూరు చేరకముందే చక్రం పోయింది.

పోయింది వాళ్ళెక్కిన రైలు చక్రం కాదు. పృథ్వీరాజ్ ఒళ్ళో ఒక స్వీటు డబ్బా ఉంది. అందులో దూది మీద పడుకోబెట్టిన ఇత్తడి ఇంజను ఉంది. ఆ ఇంజనుకున్న ఆరు చక్రాల్లో ఒకటి కనపడలేదు. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, అంతే. కానీ పెట్టెలో మిగతావాళ్ళకు ఆ సంగతి తెలియదు. పృథ్వీరాజ్ తల్లి లక్ష్మీనరసమ్మ గుండెల మీద చెయ్యేసుకుని, "ఓలమ్మో! రైలు సక్రం ఊడిపోనాదిరా!" అని కేక పెట్టేసరికి, ఎదుటి సీట్లో సీతాఫలాల బుట్టతో కూర్చున్న ముసలామె గభాల్న లేచింది.

"ఏ పక్కదమ్మా?"

"ఎడం పక్క, ఎనకది," అన్నాడు పృథ్వీరాజ్ డబ్బాలోంచి తలెత్తకుండా.

ముసలామె బుట్ట ఎత్తుకుని కుడిపక్క సీటుకు మారి, కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె వెనకాలే ఇంకో ముగ్గురు మారారు.

లక్ష్మీనరసమ్మ పక్కన కూర్చున్నది ఆమె అల్లుడు తిరుమలరావు. పాతపట్నం హైస్కూల్లో సైన్సు మాస్టారు. క్లాసులో గోల ఎక్కువైతే గొంతు తగ్గించి మాట్లాడటం అతని పద్ధతి. ఇప్పుడూ అలాగే లేచి నిలబడి, "బొమ్మ ఇంజనుదండీ. మన బండికేమీ కాలేదు," అన్నాడు. వినపడినవాళ్ళు వినపడనివాళ్ళకు చెప్పారు. భయం పోయింది, పని మొదలైంది. రైల్లో ఊరికే కూర్చున్నవాళ్ళకు వెతకడానికి ఒక వస్తువు దొరికితే అంతకన్నా ఏం కావాలి? పెట్టె పెట్టెంతా వంగింది. సీట్ల కింద నుంచి ఒక పట్టీ మువ్వ, మూత లేని టిఫిను డబ్బా, ఎవరిదో ఎడమకాలి చెప్పు బయటికొచ్చాయి. చెప్పు తనదేనని ఒకాయన మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి పుచ్చుకున్నాడు. చక్రం మాత్రం రాలేదు.

"ఐదు సక్రాల ఇంజను పెళ్ళికూతురోళ్ళకి ఎలాగిస్తాం బావా?" అన్నాడు పృథ్వీరాజ్. "టెక్కలి టేసన్లోనే కూకుని, ఎదురుబండికి ఎనక్కి ఎల్పోదాం. మరోపాలి సూసుకోవచ్చు."

"నోర్ముయ్," అంది తల్లి. "ఆళ్ళు అల్లుణ్ణి సూత్తారా, ఇంజనుకి సక్రాలు లెక్కెట్టుకుంటారా?"

తిరుమలరావు బావమరిది ముఖం వైపు చూశాడు. వారాల తరబడి కూర్చుని చేసిన వస్తువు పాడైన మనిషి ముఖం కాదది. పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లవాడి ముఖం. చూసి ఊరుకున్నాడు. ఈమధ్య అతను చూసి ఊరుకునేవి చాలా ఉన్నాయి.

పృథ్వీరాజ్ శ్రీకాకుళంలో ఒక వర్క్‌షాపులో టర్నరు. వారమంతా లేతు మిషను మీద పంపుసెట్ల ఇరుసులూ, చెరుకు గానుగల రోలర్లూ తిప్పుతాడు. సాయంత్రం ఓనరు వెళ్ళాక, మిగిలిన ఇత్తడి ముక్కలతో సొంత పని పెట్టుకుంటాడు. బొటనవేలంత రుబ్బురోలు, గోరంత తాళం, ఆ తాళానికి కంటికి ఆనని తాళంచెవి. చేసినవన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేస్తాడు. పెళ్ళిళ్ళకు జనం కుక్కర్లూ మిక్సీలూ తెస్తే ఇతను బొమ్మ పెట్టిన అగ్గిపెట్టె తెస్తాడు. తోటి పనివాడి పెళ్ళిలో ఇచ్చిన రుబ్బురోలును ఆ కుర్రాడి అత్తగారు శివలింగం అనుకుని పూజగదిలో పెట్టింది. అది కాదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. దానికి ఇప్పటికీ సోమవారం సోమవారం అభిషేకం జరుగుతోంది.

బొమ్మలు కాకపోతే రైళ్ళు. శ్రీకాకుళం నుంచి పాతపట్నానికి బస్సులో తొందరగా వచ్చేయొచ్చు. అతను ఆమదాలవలస పోయి, పాసింజరు కోసం కూర్చుని, ఊళ్ళన్నీ చూసుకుంటూ వస్తాడు. కిందటి వానాకాలంలో తిరుమలరావు భార్య కుసుమకుమారి పోయింది. పృథ్వీరాజ్‌కు ఆమె ఒక్కతే అక్క, అప్ప అని పిలిచేవాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం వచ్చేస్తున్నాడు. ఆదివారం పొద్దున్నే "లేగు బావా, బండి టైమైనాది" అని బావను లేపి ఎక్కడికో అక్కడికి తీసుకుపోతాడు. ఒకసారి పలాస, ఒకసారి నౌపడా. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. టీ తాగుతారు. వచ్చిపోయే గూడ్సులు చూస్తారు. ఓదార్పు మాట వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. గూడ్సుకు ఎన్ని పెట్టెలున్నాయన్న మాట వచ్చేది. ఇద్దరి లెక్కా కలిసేది కాదు. మళ్ళీ లెక్కపెట్టడానికి ఇంకో గూడ్సు కోసం ఆగేవారు. అలా చీకటి పడేది.

శ్రీకూర్మంలో కర్మ చేయించిన బ్రహ్మగారికి కూడా పృథ్వీరాజ్ తర్వాత ఒక ఇత్తడి తాబేలు పట్టుకెళ్ళి ఇచ్చాడు. ముట్టుకుంటే తల లోపలికి పోతుంది. ఆయన మంత్రం చెబుతూ చెబుతూ దాన్ని ముట్టుకుని, తల పోగానే మంత్రం మరిచిపోయి, ఎక్కడున్నామని శిష్యుణ్ణి అడిగారట.

కుసుమ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ భర్తను చాలా అడిగింది. తగ్గుతాదా అంది, ఇంటికెప్పుడెల్తాం అంది. వేటికీ అతను సరైన జవాబు చెప్పలేకపోయాడు. ఒక్కదానికి చెప్పాడు. "మా తమ్ముడు గుంటడికి ఆ టెక్కలి పిల్లని సేసీ. నువ్వు సూసుకుంటావు కదూ?" అంటే, "చూసుకుంటాను" అన్నాడు.

టెక్కలి పిల్ల అంటే సింధూరి. గ్రామ సచివాలయంలో సర్వేయరు. ఎవరి గృహప్రవేశంలోనో కుసుమ ఆ పిల్లను చూసింది. పందిరి వంకరగా వేశాడని టెంటుహౌసు మనిషిని నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, విప్పించి మళ్ళీ వేయించిందట. "ఆడు వంకర బరించలేడు, ఈ పిల్లా బరించలేదు. ఇద్దరికీ సరిపోతాది," అని ఇంటికొచ్చి ఒకటే నవ్వింది.

నేరుగా అక్కడికే వెళ్ళవలసింది. లక్ష్మీనరసమ్మ మాత్రం దగ్గర బంధువులు తెచ్చిన సంబంధాలు ముందు చూడాలంది. రెండు చూశారు, రెండూ పోయాయి. విజయనగరంలో పృథ్వీరాజ్ వెలక్కాయంత తమలపాకుల పెట్టె ఇచ్చాడు. అందులో ఇత్తడి ఆకులు, ఇత్తడి వక్కలు. ఆ వక్కల్లో ఒకటి తాంబూలం పళ్ళెంలోకి ఎలా వచ్చిందో తెలియదు. పెళ్ళికూతురి తాతగారు దాన్ని పటుక్కున కొరికారు. ఆయనకున్న పళ్ళే కొద్ది. బొబ్బిలిలో పిల్ల తండ్రిది ఎరువుల కొట్టు. ఆయనకు ఇత్తడి తక్కెడ ఇచ్చాడు. అగ్గిపుల్ల విరిచి వేస్తే తూగేటంత సున్నితమైనది. చేతిలోకి తీసుకోగానే ఒక పళ్ళెం మెల్లగా కిందికి వంగింది. పెద్దమనిషి ముఖం కూడా దాంతోపాటే వంగింది. "మా తూకం మీద మీకు అనుమానమా?" అన్నాడు. కాఫీలు కూడా రాలేదు.

అందుకే ఈ పొద్దున బయల్దేరే ముందు లక్ష్మీనరసమ్మ అల్లుడి దగ్గర నిలబడి అంది, "ఇది కుసుమ సూసిన సంబంధం బాబూ. ఇదీ ఈడు తగలేస్తే, అది అడిగినదేదీ మనం సెయ్యనట్టే."

తిరుమలరావుకు ఆ మాట రైలు దిగేదాకా చెవిలోనే ఉంది.

*

గోవిందరావు ఇల్లు టెక్కలికి అవతల, వరిచేల మధ్యకు పోయే సిమెంటు రోడ్డు చివర. సింధూరి తండ్రి ఆయనే. గడపలో ఆయన తల్లి నారాయణమ్మ, చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని కూర్చుంది. "రైల్లో వచ్చేరా? పెళ్ళిసూపులకి రైల్లో వచ్చినోళ్ళని ఇదే సూడ్డం. రండి, కూకోండి," అంది.

కూర్చున్నారు. అరటిపళ్ళూ పూలూ పళ్ళెంలో సర్దింది లక్ష్మీనరసమ్మ. స్వీటు డబ్బాను పృథ్వీరాజ్ కాలితో కుర్చీ కిందికి తోశాడు. సింధూరి కాఫీ తెచ్చి ఇచ్చి, ఎవరూ కూర్చోమనకముందే కూర్చుంది.

"మీ గుంటడు సిన్న సిన్న వస్తువులు సేస్తాడంట గదా మాస్టారూ," అన్నాడు గోవిందరావు. "ఏదైనా తెచ్చేరేటి?"

"ఈపాలి తేలేదండి," అంది లక్ష్మీనరసమ్మ తొందర తొందరగా. "పిల్లాడు ఆ అలవాటు మానేసినాడు."

నారాయణమ్మ దృష్టి మాత్రం అప్పటికే కుర్చీ కింద ఉంది. కర్రతో డబ్బాను లాగి ఒళ్ళో పెట్టుకుంది. "తేకపోతే ఇదేటి? మిఠాయి అలా కాళ్ళకాడ ఎడతారేటమ్మా?" అంటూ మూత తీసింది. తీసి, దూదిని అటూ ఇటూ జరిపి చూసింది. "ఓలప్పా, ఇది తిండి కాదు. ఏదో బండి. దీనికి కాలు కూడా లేదు."

సింధూరి వచ్చి ఇంజనును అరచేతిలోకి తీసుకుంది. పొగగొట్టం, నీళ్ళ తొట్టి, డ్రైవరు నిలబడే చోట వెంట్రుకంత కడ్డీలు. అన్నీ ఉన్నాయి. ఒక మూల కిందికి వాలి ఉంది.

"చక్రం దారిలో పోయిందమ్మా," అన్నాడు తిరుమలరావు.

"ఎనక్కిచ్చీండి. బాగుసేసి ఎప్పుడైనా తెస్తాను," అని పృథ్వీరాజ్ ఆమె చేతిలోంచి ఇంజను అందుకోబోతూ వంగాడు.

వంగేసరికి చొక్కా జేబులోంచి చక్రం పడింది. పడి ఊరుకోలేదు. నున్నటి సిమెంటు గచ్చు, అంతకన్నా నున్నటి చక్రం. లక్ష్మీనరసమ్మ కుర్చీ చుట్టూ తిరిగి, అరటిపళ్ళ పళ్ళెం పక్కనుంచి పోయి, గోవిందరావు కాలి బొటనవేలికి తగిలి, ఆయన ముందు పడుకుంది.

లక్ష్మీనరసమ్మ కొడుకు మీదికి లేచింది.

"నీ జిమ్మడ! జేబులో ఎట్టుకుని బండంతా ఎతికించేవురా! ఆ పెద్దాయన మోకాళ్ళ మీద పాకినాడు గదరా!"

తిరుమలరావుకు బొబ్బిలి తక్కెడ గుర్తొచ్చింది. వెంట్రుక మందం తేడా వస్తే చేసింది కరిగించి మళ్ళీ చేసే మనిషి, ఒక పళ్ళెం వంగే తక్కెడ చేస్తాడా? ఆ వక్క తాంబూలంలోకి తనంతట తాను నడిచి వెళ్ళిందా? మాస్టారై ఉండి, ఈ పిల్లవాడు కావాలని తప్పు రాస్తున్నాడని ఇన్నాళ్ళూ కనిపెట్టలేకపోయాడు.

సింధూరి చక్రం తీసి పృథ్వీరాజ్ ముందు బల్ల మీద పెట్టింది. "ఇష్టం లేకపోతే ఫోన్లో సెప్పొచ్చు గదా. ఇంతదూరం రైలెక్కొచ్చి సక్రం దాసుకోడమేటి?"

"ఇష్టం లేక కాదు."

"మరేటి?"

పృథ్వీరాజ్ తల్లి వైపు చూశాడు, బావ వైపు చూడలేదు. చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ, "మూడో ముడి," అన్నాడు.

"ఏ మూడో ముడి?"

"తాళికి. రెండు ముళ్ళు నానేస్తాను. మూడోది అప్ప ఎయ్యాల. అప్ప లేదు గదా."

పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు రెండు ముళ్ళు వేసి చెయ్యి తీస్తే, మూడో ముడి అతని అక్కో చెల్లెలో వేస్తుంది. వాళ్ళవైపు అందరిళ్ళలోనూ అదే. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించరు. పృథ్వీరాజ్ ఇన్నాళ్ళూ ఆలోచించింది అదొక్కటే. పెళ్ళి కుదిరితే ఆ నిమిషం వస్తుంది. కుదరకపోతే రాదు.

లక్ష్మీనరసమ్మ పళ్ళెంలో సరిగానే ఉన్న అరటిపళ్ళను తీసి మళ్ళీ పేర్చసాగింది. తిరుమలరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అది ఖాళీ అయి చాలాసేపైంది.

"బాగానే ఉన్నాది," అంది సింధూరి. "నువ్వు మూడో ముడి దాకా ఎల్పోనావు. మొదటి ముడికే నానింకా ఒప్పుకోలేదు."

నారాయణమ్మ పకపకా నవ్వింది. నవ్వు ఆగక దగ్గింది. దగ్గు ఆగక మంచినీళ్ళు అడిగింది. ఆ సందడిలో పృథ్వీరాజ్ ముఖంలోకి కూడా ఒక రకం నవ్వు వచ్చింది.

"ఒప్పుకో మరి," అన్నాడు.

"ముందు ఆ సక్రం బిగించు. కుంటిబండి సూసి ఎవులొప్పుకుంటారు?"

అతను ప్యాంటు జేబులోంచి పెన్ను మూతంత స్క్రూడ్రైవరు తీశాడు. అది వెంట తెచ్చుకున్నందుకు తల్లి మళ్ళీ తిట్టింది. చక్రం బిగించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గచ్చు మీద పెట్టి వేలితో తోస్తే ఇంజను తిన్నగా పోయి గోడకు తగిలి ఆగింది.

గోవిందరావు కుర్చీ దిగి దాని పక్కన గొంతుకూర్చున్నాడు. "ఓరి, ఇది పెద్ద పట్టాలు ఎయ్యకముందు నడిసిన మన సిన్నలైను బండి కాదేటి! గుణుపూరు బండి! నాయినా, ఎక్కడ సూసినావు నువ్వు? అప్పటికి నువ్వు సంటోడివి."

"అప్ప ఒళ్ళో కూకుని ఎక్కేను. ఆ పొగగొట్టం ఒకటే గేపకం. మిగతాది అప్ప సెప్పింది."

"అబ్బో, ఏం బండి! నడుస్తండగా దిగి, తుప్పల్లో పని సూసుకుని, మళ్ళీ పరిగెత్తి ఎక్కీవోళ్ళం. ఒకపాలి నాను ఎక్కలేకపోనాను."

"ఎందుకు, బండి జోరందుకుందా?" అన్నాడు తిరుమలరావు.

"కాదండీ మాస్టారూ. బండి ఆగినాదే. నాదే పనవ్వలేదు."

సింధూరి "నాన్నా!" అంది. లక్ష్మీనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా నెలల తర్వాత అత్తగారు ఏడవడానికి కాకుండా నోటికి కొంగు పెట్టుకోవడం తిరుమలరావు చూశాడు.

నవ్వులు సద్దుమణిగాక నారాయణమ్మ కర్ర నేలకు తాటించింది. "ఇంతకీ ఆ ముడి సంగతి తేల్సండి. పినతల్లి కూతుళ్ళు, పెదనాన్న కూతుళ్ళు, ఎవులూ లేరేటి?"

"ఇజీనారంలో మా సెల్లెలి కూతురున్నాది, పద్మకుమారి," అంది లక్ష్మీనరసమ్మ.

"వద్దు," అన్నాడు పృథ్వీరాజ్. "పద్మప్ప మంచిదే. వద్దు."

"మరయితే ఆడపడుసు లేకపోతే ఆడపడుసు మొగుడు లేడేటి? ఎదురుగా కూకున్నాడు గదా. ఆయన్నెయ్యమనండి," అంది నారాయణమ్మ.

అందరూ తిరుమలరావు వైపు తిరిగారు. గోవిందరావు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, నీకు తెల్దు. భార్య లేని మనిషి తాళి ముట్టుకుంటే నలుగురూ..."

"నాకు తెల్దేటిరా? నా మొగుడు పోయి ఎన్నాళ్ళైనాది? ఈ ఇంట్లో పెళ్ళి పసుపు నాను దంచకపోతే ఎవులు దంచేరు? ఆ దంచిన పెళ్ళిళ్ళన్నీ బాగానే ఉన్నాయి."

గోవిందరావు కూతురి వైపు చూశాడు. సింధూరి, "నాకేటి, ఎవులేసినా ముడి తిన్నగా పడాల," అంది. అదే ఒప్పుకోవడమని అక్కడున్నవాళ్ళకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది పృథ్వీరాజ్‌కే.

అప్పుడతను బావ వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి మొదటిసారి నేరుగా చూశాడు. "ఏస్తావా బావా?"

తిరుమలరావు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆస్పత్రిలో స్కానింగు గదిలోకి పంపేముందు మెడలోవి తీసేయమన్నారు. కుసుమ పసుపుతాడు తీసింది అతనే. తాను వేసిన రెండు ముళ్ళూ వెంటనే వచ్చాయి. తన చెల్లెలు వేసిన మూడోది రాలేదు. గోళ్ళతో తీయవలసి వచ్చింది. "మీ సెల్లెలు బలే గట్టిగా ఏసింది," అని కుసుమ అంత నొప్పిలోనూ వేళాకోళమాడింది. బయటికి రాగానే మళ్ళీ కడతానన్నాడు. ఆ పని పడలేదు.

"ఆలోచించి చెప్తాను," అన్నాడు.

ఆ మాట చాలా చిన్న గొంతుతో అన్నాడు. అయినా అందరికీ వినపడింది.

*

మాఘంలో ముహూర్తం పెట్టారు. నలుగురూ ఏమంటారోనని లక్ష్మీనరసమ్మ మొదట భయపడింది. తర్వాత ఆ నలుగురి పేర్లూ వరసగా తలుచుకుని, వాళ్ళలో ఒక్కరి మాటా తాను లెక్కచెయ్యనవసరం లేదని తేల్చుకుంది. సింధూరి ఫోన్ చేసి, పెళ్ళికి వచ్చినవాళ్ళకు ఇత్తడి బొమ్మలు పంచకూడదని షరతు పెట్టింది. అప్పటికే పృథ్వీరాజ్ సగం చేసేశాడు. అవేమిటని ఆమె అడిగితే చెప్పడం లేదు. ఇంజను కోసం బల్లంత పట్టాలు కూడా వేస్తున్నాడట. గోవిందరావు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, తాను బండి ఎక్కలేకపోయిన చోట ఒక తుప్ప కూడా పెట్టమని గుర్తు చేస్తున్నాడు.

శనివారం సాయంత్రాలు పృథ్వీరాజ్ మామూలుగానే పాతపట్నం వస్తున్నాడు. ఆదివారాలు బావను లేపి రైలెక్కిస్తున్నాడు. మొన్న నౌపడాలో గూడ్సు పెట్టెల లెక్క మళ్ళీ కుదరలేదు. ముడి సంగతి అతను రెండోసారి అడగలేదు.

తిరుమలరావు ఇంకా జవాబు చెప్పలేదు.